కొండెక్కిన కూలీ - టెన్సింగ్ నార్గే

ఎవరెస్టును మొట్టమొదట ఎక్కినవాళ్ళెవరంటే ఐదో క్లాసు పిల్లాడు కూడా టెన్సింగ్, హిల్లరీ అని ఠకీమని చెప్పేస్తాడు. 1953 మే 29 అని తేదీతో సహా చెప్పేవాళ్ళూ మన కాలేజీలో చాలామందే ఉన్నారు. కాని ఆ రోజుకు ముందు ఇరవయ్యేళ్ళపాటు టెన్సింగ్ ఏం పని చేసి బతికాడు, ఆ తరువాత ముప్పై మూడేళ్ళు ఏం చేశాడు అని అడిగితే మాత్రం మనలో చాలామందిమి తెల్లమొహం వేస్తాం. శిఖరం మీద ఆ ఇద్దరూ గడిపింది పదిహేను నిమిషాలు. నాకు ఆ పదిహేను నిమిషాల కంటే మిగతా యాభై మూడేళ్ళ కథే ఎక్కువ ఆసక్తిగా అనిపించింది.

ఆ కథలో ముప్పాతిక భాగం ఒక చిన్న కొండ ఊరి చుట్టూ తిరుగుతుంది. ఆ ఊరు డార్జిలింగ్. సముద్ర మట్టానికి దాదాపు 7,000 అడుగుల ఎత్తున, ఒక కొండ గట్టును అంటిపెట్టుకుని ఉంటుంది. మైదానాల ఎండకూ జ్వరాలకూ తట్టుకోలేని తమ సోల్జర్లు వచ్చి కోలుకోవడానికి చల్లని చోటు కావాలని 1835లో ఈస్టిండియా కంపెనీవాళ్ళు ఆ గట్టును సిక్కిం రాజు దగ్గర పుచ్చుకున్నారు. తరువాత కొండ వాలులన్నీ తేయాకు తోటలయ్యాయి. 1881 నాటికి రెండడుగుల వెడల్పు పట్టాల మీద చిన్న రైలు పొగలు కక్కుకుంటూ ఊరిదాకా వచ్చేసింది. వేసవి వస్తే బెంగాలు ప్రభుత్వం మొత్తం ఫైళ్ళతో సహా అక్కడికి తరలి వెళ్ళేది. దొరలకు లెబాంగ్‌లో గుర్రప్పందాలు, చౌరస్తాలో సాయంకాలపు షికార్లు, ప్లాంటర్స్ క్లబ్బు వరండాలో కబుర్లు. ఉత్తరం వైపు తలెత్తి చూస్తే 8,586 మీటర్ల కాంచనగంగ ఆకాశంలో సగం ఆక్రమించుకుని ఉంటుంది.

ఒకరికి విలాసమైన చోట ఇంకొకరికి తప్పకుండా పని ఉంటుంది. గుర్రం మీద షికారు చేసేవాడుంటే కళ్ళెం పట్టుకుని నడిచేవాడు ఉండాలి. కొండలెక్కడం సరదా అయినవాడికి గుడారం, బియ్యం, తాళ్ళు, ఆక్సిజన్ సీసాలు మోసే వీపులు కావాలి. ఆ రోజుల్లో నేపాల్ తలుపులు విదేశీయులకు మూసి ఉండేవి. అందుకని 1921 నుంచి ఎవరెస్టుకు వెళ్ళే ప్రతి బ్రిటిష్ దండూ డార్జిలింగ్‌లో కూలీలను మాట్లాడుకుని, సిక్కిం దాటి, టిబెట్ చుట్టూ తిరిగి వెళ్ళేది. ఈ పనికోసమే నేపాల్‌లోని సోలు ఖుంబు ప్రాంతం నుంచి షెర్పాలు కొండలూ లోయలూ దాటి వచ్చి తూంగ్ సూంగ్ బస్తీ అనే పేటలో రేకుల ఇళ్ళలో ఉండేవాళ్ళు.

టెన్సింగ్ ఆ దారినే వచ్చినవాడు. 1914లో పుట్టాడు. పుట్టిన తేదీ ఎవరూ రాసి పెట్టలేదు. పంటల్ని బట్టి, వాతావరణాన్ని బట్టి మే నెల చివర అయ్యుంటుందని లెక్క కట్టుకున్నాడు, ఎవరెస్టు ఎక్కిన తరువాత మే 29నే పుట్టినరోజు చేసుకునేవాడు. (మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ ఫలానా తుపాను ఏడు పుట్టానంటారు. కాబట్టి నాకిది వింతగా అనిపించలేదు.) తండ్రి మింగ్మా జడలబర్రెలు కాసేవాడు. తల్లి పేరు కిన్జోమ్. పదముగ్గురు బిడ్డల్లో టెన్సింగ్ పదకొండోవాడు, అందులో చాలామంది చిన్నతనంలోనే పోయారు. మొదట పెట్టిన పేరు నంగ్యాల్ వాంగ్దీ. రోంగ్‌బుక్ మఠంలోని పెద్ద లామా మార్చమంటే టెన్సింగ్ నార్గే అని మార్చారు. అదృష్టవంతుడు, సంపన్నుడు, ధర్మాన్ని అనుసరించేవాడు అని దాని అర్థమట. బడి లేదు, పలక లేదు. జడలబర్రెల వెంట తిరుగుతూ, పెద్దవాళ్ళు డార్జిలింగ్ గురించి, అక్కడ కొండలెక్కే దొరల గురించి చెప్పుకునే కబుర్లు వింటూ పెరిగాడు.

1932 చివర, పద్ధెనిమిదేళ్ళ వయసులో, ఇంట్లో చెప్పకుండా మరికొంతమందితో కలిసి డార్జిలింగ్ చేరాడు. వచ్చీ రాగానే కొండెక్కే పని దొరకలేదు. ఊరికి దగ్గర్లోని ఆలూబారిలో ఒకతని ఆవులు కాస్తూ పాలు అమ్మాడు. ఇల్లు వదిలి అంత దూరం వచ్చినా పశువులు మాత్రం వదల్లేదు పాపం! నేపాలీ భాష అక్కడే వచ్చింది. 1933లో ఎవరెస్టు దండు కోసం కూలీల ఎంపిక జరుగుతుంటే వెళ్ళి నిలబడ్డాడు. పట్నం మోజులో జడ కత్తిరించుకుని నేపాలీ బట్టలు వేసుకున్నాడేమో, ఇతను షెర్పా కాదనుకుని తోసిపుచ్చారు. పైగా వెనక పని చేసినట్టు చూపించడానికి కాగితం ఏదీ లేదు. అనుభవం ఉంటేనే పని, పని దొరికితేనే అనుభవం! ఈ చిక్కుముడి మన డిగ్రీల వాళ్ళకు కొత్తేం కాదు.

1935లో ఎరిక్ షిప్టన్ అనే బ్రిటిష్ ఆరోహకుడు మనుషుల్ని ఎంచుకుంటున్నప్పుడు మళ్ళీ వెళ్ళి వరసలో నిలబడ్డాడు. అందరినీ తీసుకున్నాక ఇంకా ఇద్దరు కావాల్సి వచ్చింది. ఈ కుర్రాడి నవ్వు బాగుందని షిప్టన్ పిలిచాడు. ఒక మనిషి బతుకు మలుపు తిరగడానికి నవ్వు చాలింది. రోజుకు పన్నెండణాలు కూలి, మంచు గీత దాటితే రూపాయి.

మా వైపు నాట్ల కాలంలో తెల్లవారుజామున సెంటర్లో కూలీలు నిలబడతారు. మేస్త్రి వచ్చి ఒక్కొక్కరినీ ఎగాదిగా చూసి నువ్వు రా, నువ్వు రా అంటాడు. మిగిలినవాళ్ళు ఎండెక్కేదాకా నిలబడి ఇంటికి పోతారు. ప్లాంటర్స్ క్లబ్బు వరండా ముందు జరిగిందీ సరిగ్గా అలాంటిదే. తేడా ఏమిటంటే ఇక్కడ మడిలోకి దిగాలి, అక్కడ మంచులోకి ఎక్కాలి. ఇంకో తేడా కూడా ఉంది. అక్కడికి వెళ్ళినవాళ్ళు అందరూ తిరిగి వచ్చేవాళ్ళు కారు. 1922లో ఎవరెస్టు మీద మంచుపెళ్ళలు విరిగిపడి ఏడుగురు కూలీలు చనిపోయారు. 1934లో నంగా పర్బత్ మీద తుపానులో ఆరుగురు షెర్పాలు పోయారు. ఆ చావుల దుఃఖం తూంగ్ సూంగ్ బస్తీలో ఆరకముందే టెన్సింగ్ 1935లో వరసలో నిలబడ్డాడు. ఆ ఏటి ప్రయాణంలోనే నార్త్ కోల్ అడుగున మారిస్ విల్సన్ అనే ఇంగ్లీషువాడి శవం కనిపించింది. ఉపవాసం, ప్రార్థన ఉంటే చాలు కొండ దానంతటదే లొంగుతుందని నమ్మి, ఆరోహణం ఏమాత్రం తెలియకుండా అంతకు ముందు సంవత్సరం బయలుదేరినవాడు. టెన్సింగ్ తొలి పాఠం అలా మొదలైంది.

1936లో మళ్ళీ వెళ్ళాడు, 1938లో మళ్ళీ. 1938లో 27,000 అడుగులు దాటి మోత మోసినందుకు హిమాలయన్ క్లబ్బువాళ్ళు టైగర్ పతకం ఇచ్చారు. అంటే షెర్పాల్లో పెద్దపులి అన్నమాట. ఇక్కడ మనం ఒక విషయం గమనించాలి. అంత ఎత్తున మోసినవాడు కూడా ఆ రోజుల్లో లెక్కకు కూలీయే, ఆరోహకుడు కాదు. పుస్తకాల్లో దొరల పేర్లు పూర్తిగా, కూలీలవి సంఖ్యలుగా ఉండేవి.

ఒక సైన్సు విద్యార్థిగా ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. ఎవరెస్టు కొన మీద గాలి ఒత్తిడి సముద్ర మట్టం మీద ఉండేదానిలో మూడో వంతే. అంటే ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ కూడా మూడో వంతే. మనలాంటివాళ్ళం ఎత్తుకు పోతే రక్తంలో ఎర్రకణాలు విపరీతంగా పెరిగి రక్తం చిక్కబడుతుంది. టిబెట్ వాళ్ళలో, షెర్పాల్లో అలా కాకుండా ఆపే ఒక జన్యు రూపం తరతరాలుగా వస్తోందని 2010లో వెలువడిన పరిశోధనలు తేల్చాయి. ఇ.పి.ఏ.ఎస్.-1 అని ఆ జన్యువు పేరు. ఇది నిజమే. కాని వాళ్ళ రక్తంలోనే ఉందిలే అన్న మాటను ఆసరా చేసుకుని నేర్పును తక్కువ చేసి చూడడం మాత్రం సరికాదు. మంచులో మెట్లు కొట్టడం, తాడు పట్టడం, ఏ పెళ్ళ ఎప్పుడు విరుగుతుందో పసికట్టడం, ఇవేవీ జన్యువులో రావు. చేసి నేర్చుకోవలసినవే.

యుద్ధం రాగానే దొరలంతా సరదాలు మాని యుద్ధానికి వెళ్ళారు. దండులు ఆగిపోయాయి. డార్జిలింగ్‌లో షెర్పాల పొయ్యిలు చల్లబడ్డాయి. టెన్సింగ్ అప్పటికే దవా ఫుతీని పెళ్ళి చేసుకున్నాడు. బతుకుతెరువు కోసం ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న చిత్రాల్‌కు వెళ్ళి ఒక బ్రిటిష్ ఆఫీసరు దగ్గర కొలువు చేశాడు. కొడుకు నాలుగేళ్ళకే పోయాడు. 1944లో భార్య కూడా చనిపోయింది. ఇద్దరు చిన్న ఆడపిల్లల్ని, పెమ్ పెమ్‌నీ, నీమానీ వెంటబెట్టుకుని ఆ ఉత్తరపు కొసనుంచి ఈ తూర్పు కొసకు తిరిగి వచ్చాడు. డార్జిలింగ్‌లో ఆంగ్ లాముతో రెండో పెళ్ళి అయింది. ఆమె దొరల ఇళ్ళల్లో ఆయాగా పనిచేసిన మనిషి, ఆ పనిమీద లండన్ కూడా చూసి వచ్చింది. దండులు లేని ఆ కరువు రోజుల్లో ఇల్లు గడిపింది ఆమె జీతమే. ఎవరెస్టు కథ చెప్పేటప్పుడు ఈమె పేరు ఎవరూ ఎత్తకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఏ దండూ లేనప్పుడు టెన్సింగ్ వేడుక చూడవచ్చినవాళ్ళకు దారి చూపించేవాడు. సందక్‌ఫూ, ఫాలూట్ దాకా నడిపించుకు వెళ్ళేవాడు. తెల్లవారకముందే టైగర్ హిల్ మీదికి తీసుకెళ్ళి సూర్యోదయం చూపించేవాడు. అక్కడినుంచి నూరు మైళ్ళకు పైగా దూరంలో ఎవరెస్టు చిటికెన వేలి గోరంత కనిపిస్తుంది. పక్కనున్న మకాలూ దగ్గరగా ఉండడంవల్ల పెద్దదిగా కనిపిస్తుంది. వచ్చినవాళ్ళంతా పెద్దదాన్ని చూసి అదే ఎవరెస్టని మురిసిపోతుంటే, అది కాదు, ఆ వెనక ఉన్న చిన్నది అని చెప్పడం అతని పని. తాను మూడుసార్లు పోయి వెనుదిరిగిన కొండను అలా కూలికి చూపించడం ఎలా ఉండేదో!

ఇక్కడే టెన్సింగ్ మిగతా కూలీల నుంచి వేరుపడతాడని నాకనిపిస్తుంది. 1947లో ఎర్ల్ డెన్మన్ అనే అతను వచ్చాడు. టిబెట్ లోపలికి వెళ్ళే అనుమతి లేదు, డబ్బు లేదు, సరైన సామాను లేదు. ఎవరెస్టు ఎక్కుదాం వస్తావా అన్నాడు. పట్టుబడితే టెన్సింగ్‌కే ముప్పు. బుద్ధి ఉన్నవాడెవడూ ఒప్పుకోడు. అయినా ఒప్పుకున్నాడు! ఇద్దరు షెర్పాలు, ఒక దొర దొంగచాటుగా వెళ్ళి, గాలికి తట్టుకోలేక వెనక్కి వచ్చారు. ఇది కూలికోసం చేసిన పని కాదు. ఎవరెస్టు మీద అతనికి పిచ్చి. మా ఇంట్లో అంటారు, సేద్యం లాభమని కాదు, అలవాటైన ప్రాణం ఊరుకోదని. పొట్టకోసం మొదలైన పని మీద ప్రేమ పుట్టడం వింతేమీ కాదు. అలా పుట్టినప్పుడు యజమానులు దాన్ని పిచ్చి అంటారు, లేదా గమనించరు.

అదే ఏడు గఢ్‌వాల్‌కు వచ్చిన స్విస్ దండులో షెర్పాల పెద్దకు దెబ్బ తగలడంతో టెన్సింగ్‌ను సర్దార్‌గా చేశారు. సర్దారంటే మన ముఠా మేస్త్రి అనుకోవచ్చు. మనుషుల్ని కుదర్చడం, మోతలు పంచడం, కూలి లెక్కలు చూడడం, తగాదాలు తీర్చడం, పైగా అందరికంటే ముందు నడవడం. ఆ పర్యటనలోనే మొదటిసారి ఒక శిఖరం పైకొసకు చేరాడు, కేదార్‌నాథ్ పర్వతం. 1951లో ఫ్రెంచివాళ్ళతో నందాదేవికి వెళ్ళాడు. ఇద్దరు ఫ్రెంచి ఆరోహకులు శిఖరం వైపు వెళ్ళి మాయమయ్యారు. వాళ్ళను వెతుకుతూ టెన్సింగ్, లూయీ డ్యూబో నందాదేవి తూర్పు శిఖరం ఎక్కారు. తాను ఎక్కినవాటిలో అదే కష్టమైనదని టెన్సింగ్ చివరిదాకా చెప్పేవాడు. ఎవరెస్టు కాదు సుమా!

1952లో స్విస్‌వాళ్ళు ఎవరెస్టుకు రమ్మన్నారు. అప్పటికి టిబెట్ మూసుకుని నేపాల్ తెరుచుకుంది. ఈసారి టెన్సింగ్‌ను సర్దార్‌గానే కాకుండా ఆరోహకుల్లో ఒకడిగా తీసుకున్నారు. రేమండ్ లాంబేర్ అనే స్విస్ గైడుకూ ఇతనికీ ఉమ్మడి భాష లేదు. సైగలతో, నవ్వులతో సరిపెట్టుకున్నారు. లాంబేర్ కాలివేళ్ళు అంతకు ముందే మంచుకు పోయాయి. మే నెల చివర ఈ ఇద్దరూ 8,400 మీటర్ల దగ్గర స్టవ్వు లేకుండా, పడుకునే సంచులు లేకుండా, డబ్బాలో మంచుముక్క వేసి కొవ్వొత్తి మంట మీద కరిగించి తాగుతూ ఒక రాత్రి గడిపారు. నిద్రపోతే మళ్ళీ లేవమని ఒకరినొకరు చరుచుకుంటూ ఉన్నారు. ఆక్సిజన్ పరికరం నిలబడితేనే పనిచేస్తుంది, నడిస్తే పనిచెయ్యదు! మర్నాడు, మే 28న, సుమారు 8,595 మీటర్లదాకా వెళ్ళి తిరిగారు. మనిషి అంతవరకూ ఎక్కిన ఎత్తుల్లో అదే ఎక్కువ. ఆ శరదృతువులో మళ్ళీ వెళ్ళి చలికి ఓడి వచ్చారు. టెన్సింగ్ జబ్బుపడి పాట్నా ఆసుపత్రిలో చేరాడు. ఆ నీరసంలో ఉండగానే బ్రిటిష్ దండు నాయకుడు జాన్ హంట్ పిలుపు అందింది. ఆంగ్ లాము వద్దని గట్టిగా పోట్లాడింది. అతను వినలేదు. తెల్లవారుజామున లేచి సంచిలో రాళ్ళు నింపుకుని డార్జిలింగ్ కొండ దారుల్లో ఎక్కుతూ దిగుతూ ఒళ్ళు సాధు చేసుకున్నాడు.

1953 ప్రయాణం గురించి అందరికీ తెలిసిందే కాబట్టి కొద్దిగా చెబుతాను. 362 మంది మోతకూలీలు, 20 మంది షెర్పాలు, 10,000 పౌన్ల సామాను. ఖాట్మండులో షెర్పాలకు బ్రిటిష్ ఎంబసీవాళ్ళు పడకకు చూపించింది ఒక గ్యారేజి. అంతకు ముందు గుర్రపుశాల అట. దానికి పాయిఖానా కూడా లేదు. దొరలకు లోపల గదులు. మర్నాడు పొద్దున షెర్పాలు గ్యారేజి ముందు రోడ్డు మీదే మూత్రం పోసి తమ కోపం తెలియజేశారు. మధ్యలో నలిగిపోయింది సర్దారే. అటు దొరలకు సర్దిచెప్పాలి, ఇటు తనవాళ్ళకు. మేస్త్రి బతుకంతే. ఏప్రిల్ నెలాఖర్లో ఖుంబు మంచు జారుడులో హిల్లరీ కాలు జారి పగులులో పడితే టెన్సింగ్ చటుక్కున గొడ్డలి దిగవేసి తాడు బిగించి ఆపాడు. వాళ్ళిద్దరి జోడీ కుదిరింది అక్కడే.

మే 29న పొద్దున పదకొండున్నరకు శిఖరం మీద నిలబడ్డ టెన్సింగ్ ఒంటి మీద ఏమున్నాయో చూడండి. మెడలో లాంబేర్ ఇచ్చిన ఎర్ర మఫ్లర్. తలకు డెన్మన్ వదిలి వెళ్ళిన ఉన్ని టోపీ. స్వెటరు డార్జిలింగ్ హిమాలయన్ క్లబ్బు కార్యదర్శి హెండర్సన్ గారిది. కాళ్ళకు ఆంగ్ లాము అల్లిన మేజోళ్ళు, వాటిమీద స్విస్ బూట్లు. ఓడిపోయిన దండులన్నీ, ఇంట్లో పోట్లాడిన భార్యతో సహా, అతనితోపాటు పైకి వచ్చాయన్నమాట. మంచులో చిన్న గుంట తవ్వి కొన్ని మిఠాయిలు, కూతురు నీమా ఇచ్చిన ఎరుపు నీలం పెన్సిలు ముక్క అందులో పెట్టాడు. అక్షరం రాయడం రాని తండ్రి చేతికి కూతురు ఇచ్చిన కానుక అది.

దిగి వచ్చాక మొదలైంది అసలు గొడవ. ముందు ఎవరు కాలు పెట్టారు? ఖాట్మండు వీధుల్లో టెన్సింగ్ ఒక తెల్లవాణ్ణి తాడుతో పైకి లాగుతున్నట్టు బొమ్మలు కట్టారు. నేపాల్ మావాడంది, ఇండియా మావాడంది. హిల్లరీకీ హంట్‌కీ సర్ బిరుదులు, టెన్సింగ్‌కు జార్జి మెడల్. ఇద్దరూ ఇంచుమించు కలిసే చేరామని కాగితం మీద సంతకాలు పెట్టవలసి వచ్చింది. 1955లో వచ్చిన తన ఆత్మకథలో మాత్రం, ముందు కాలు పెట్టింది హిల్లరీయే అని టెన్సింగ్ దాపరికం లేకుండా చెప్పేశాడు. ఒకే తాడుకు కట్టుకున్న ఇద్దరిలో ముందెవరు, వెనకెవరు అన్న ప్రశ్నకు అర్థం ఏముంది? దుక్కిలో ఏ ఎద్దు ముందు గట్టు చేరిందని ఎవరైనా అడుగుతారా?

లండన్ వెళ్ళడానికి ముందు ఢిల్లీలో నెహ్రూగారు తన బీరువా తెరిచి తన బట్టలే ఇచ్చి పంపారట. కొలతలు సరిపోయాయి. తరువాత నెహ్రూ, బెంగాలు ముఖ్యమంత్రి బి.సి.రాయ్ కలిసి ఒక ఆలోచన చేశారు. ఈ ఒక్కడి విద్య ఈ ఒక్కడితో పోకూడదని. 1954 నవంబర్ 4న డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ మొదలయింది. మేజర్ నరేంద్ర ధర్ జయాల్ మొదటి ప్రిన్సిపాల్, టెన్సింగ్ క్షేత్ర శిక్షణకు డైరెక్టర్. నలభై ఏళ్ళ వయసులో ఆయనకు మొట్టమొదటిసారి నెల జీతం ఉద్యోగం! పాఠం చెప్పడం ఎలాగో తెలుసుకోవడానికి మరికొందరు షెర్పాలతో కలిసి స్విట్జర్లాండు వెళ్ళి ఆర్నాల్డ్ గ్లాట్‌హార్డ్ దగ్గర శిష్యరికం చేశాడు. ప్రపంచమంతా గురువని చప్పట్లు కొడుతున్నప్పుడు మళ్ళీ విద్యార్థిగా కూర్చోవడం తేలిక కాదు.

ఆ ఉద్యోగంలో ఇరవై రెండేళ్ళు, 1976 దాకా ఉన్నాడు. పుస్తకం చదివి చెప్పే మేష్టరు కాదు. లెబాంగ్ దగ్గరి బండరాళ్ళ మీద పిల్లల్ని ఎక్కించి, కాలు ఎక్కడ మోపాలో తన కాలు మోపి చూపేవాడు. తరువాత పశ్చిమ సిక్కిం అడవుల్లోంచి, యుక్సోం, జోంగ్రీ మీదుగా రాథోంగ్ హిమానీనదం దగ్గరికి నడక. అక్కడ మంచులో మెట్లు కొట్టడం, పడితే గొడ్డలితో ఆగడం, తోటివాడు పడితే తాడుతో ఆపడం. ఎవరి సంచీ వాళ్ళే మోసుకోవాలి. కలెక్టరు కొడుకైనా, కర్నలు కొడుకైనా సరే. బతుకంతా ఒకరి మోత మోసినవాడి బడిలో మొదటి పాఠం ఇది. వీపుల సంఖ్యలుగా ఉన్నవాళ్ళు ఇక్కడ ఇన్‌స్ట్రక్టర్లయ్యారు, జీతం, పేరు, గౌరవం వచ్చాయి. ఆయన మేనల్లుడు నవాంగ్ గోంబు 1963లో, 1965లో ఎవరెస్టు ఎక్కి, రెండుసార్లు ఎక్కిన తొలి మనిషి అయ్యాడు. తరువాత మామ కుర్చీలోనే కూర్చున్నాడు. 1959లో స్త్రీలే నడిపిన చో ఓయూ యాత్రలో పెమ్ పెమ్, నీమా ఇద్దరూ ఉన్నారు. ఆ యాత్రలో నాయకురాలితో సహా నలుగురు చనిపోయారు. జయాల్ అంతకు ముందు ఏడే ఆ కొండ మీదనే పోయాడు. బడి పెట్టినంత మాత్రాన కొండ మెత్తబడదు.

అన్నీ సుఖాలే అనుకోకండి. తూంగ్ సూంగ్ అద్దె గదుల నుంచి ఘాంగ్ లా అనే సొంత ఇంటికి మారిన తరువాత మనుషుల తాకిడి మొదలయింది. టైగర్ హిల్ చూసి, బొమ్మ రైలు చూసి, టెన్సింగ్‌ను కూడా చూసి పోదామని వచ్చేవాళ్ళు. ఒకప్పుడు ఊళ్ళో వింతలు చూపించినవాడు తానే ఒక వింత అయిపోయాడు. తన ఇల్లు ప్రదర్శనశాలలా తయారైందని బాధపడేవాడు. 1964లో ఆంగ్ లాము పోయింది. మూడో భార్య డాకూ ద్వారా ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. రిటైరైన తరువాత 1978లో సొంతంగా పర్వత యాత్రలు నడిపే సంస్థ పెట్టాడు. అరవై దాటాక మళ్ళీ దారి చూపించే పనే. ఈసారి మేస్త్రీ తానే, యజమానీ తానే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది కొడుకు జామ్లింగ్ విషయం. 1984 నాటి భారతీయ ఎవరెస్టు దండులో చేరతానని అతను అడిగితే టెన్సింగ్ ససేమిరా అన్నాడు. మీరు ఎక్కక్కర లేకుండా ఉండాలనే నేనెక్కాను అని ఆయన భావం. లోకం పిల్లలందరికీ కొండెక్కడం నేర్పినవాడు సొంత పిల్లలను మాత్రం మంచి బళ్ళలో వేసి కొండకు దూరం పెట్టాడు. మొదట చదివినప్పుడు ఇదేమి న్యాయం అనుకున్నాను. కాని మా నాన్న నన్ను బి.ఎస్సీ.లో చేర్పించినప్పుడు అన్నదీ అదే. నేను దున్నింది నువ్వు దున్నకుండా ఉండడానికేరా అని. ఆయనకు పొలమంటే ప్రాణం. ఒక తల్లీ తండ్రీ తమ పనిని ఎంత ప్రేమించినా బిడ్డకు మాత్రం వద్దనుకుంటే, లోపం ఆ పనిలో ఉందా, ఆ పనికి లోకం కట్టే వెలలో ఉందా? నేనింకా తేల్చుకోలేదు. జామ్లింగ్ మాత్రం తండ్రి పోయిన పదేళ్ళకు, 1996 మేలో, ఎవరెస్టు ఎక్కాడు.

టెన్సింగ్ 1986 మే 9న డార్జిలింగ్‌లోనే కన్నుమూశాడు. డెబ్బై ఒక్క ఏళ్ళు. అప్పుడు ఢిల్లీలో న్యూజిలాండ్ హైకమిషనర్‌గా ఉన్న హిల్లరీ అంత్యక్రియలకు వచ్చాడు. తాను పాఠం చెప్పిన ఇన్‌స్టిట్యూట్ ఆవరణలోనే దహనం చేశారు. అక్కడే ఆయన విగ్రహం ఉంది. ఆ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళాలంటే జంతుప్రదర్శనశాల గేటులోంచే వెళ్ళాలి. ఆ జంతుశాలకు ఉన్న పేరు మన హైదరాబాదులో పుట్టి బెంగాలు గవర్నరుగా పనిచేసిన పద్మజా నాయుడు గారిది.

2013లో అదే గేటులోంచి మన రెసిడెన్షియల్ స్కూళ్ళ పిల్లలు కొంతమంది లోపలికి వెళ్ళారు. భువనగిరి గుట్ట మీద తాడు పట్టడం నేర్చుకుని, అక్కడ మంచుమీద నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు. వాళ్ళలో నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ ఒకతె. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ ఇంకొకడు. పై ఏడు మే 25న, ఉమ్మడి రాష్ట్రం విడిపోవడానికి ఎనిమిది రోజుల ముందు, ఇద్దరూ ఎవరెస్టు కొన మీద నిలబడ్డారు. టెన్సింగ్ ఆరుసార్లు దొరల వెంటా, డెన్మన్ వెంటా తిరిగి ఓడి, ఏడోసారి చేరిన కొండ అది. పూర్ణకు అప్పటికి పదమూడేళ్ళు.